కున్‌మింగ్‌లో సయ్యద్ అజల్ అడుగుజాడలు

చైనా నైరుతి మూలన, సముద్రమట్టానికి సుమారు 1,900 మీటర్ల ఎత్తున, యున్నాన్ రాష్ట్ర రాజధాని కున్‌మింగ్ ఉంది. అక్కడ ఎండ మండించదు, చలి వణికించదు. చైనీయులు దానిని నిత్యవసంత నగరమని పిలుచుకోవడంలో అతిశయోక్తి అంతగా లేదు. నగరం నడిబొడ్డున బంగారు గుర్రం, పచ్చల కోడి పేర్లతో రెండు రంగురంగుల తోరణాలున్నాయి. యాత్రికులు వాటి ముందు గుమిగూడి ఛాయాచిత్రాలు తీసుకుంటారు. వాటికి ఉత్తరాన కొద్ది దూరంలో మూడవ తోరణం ఉంది. దాని పేరుకు రాజభక్తి, ప్రజావాత్సల్యం అని అర్థం. ఇప్పుడున్నది పునర్నిర్మాణమే. అయితే అది ఎవరి స్మృతిచిహ్నమో అడిగే యాత్రికులు తక్కువ. అది బుఖారాలో జన్మించిన ఒక ముస్లిం పాలకునిది.

ఆయన పేరు షమ్సుద్దీన్ ఉమర్. మహాప్రవక్త (సఅసం) వంశీయులమని చెప్పుకునే కుటుంబం కనుక 'సయ్యద్ అజల్' అన్న బిరుదు ఆయనకు అబ్బింది. చైనా చరిత్ర గ్రంథాలు ఆ బిరుదునే ఆయన పేరుగా రాసుకున్నాయి. ఆయన 1211లో జన్మించారు. 1220లో చంగేజ్‌ఖాన్ సేనలు బుఖారాను దగ్ధం చేశాయి. ఆయనే వేయి మంది ఆశ్వికులతో, చిరుతపులులనూ తెల్లడేగలనూ కానుకగా తెచ్చి, ఖాన్‌కు లొంగిపోయారని యువాన్ వంశ చరిత్ర చెబుతోంది. తొమ్మిదేండ్ల బాలుడు వేయి గుర్రాలను నడిపించాడంటే నమ్మశక్యం కాదు. ఇంటి పెద్దలెవరో ఆ పని చేసి ఉండాలి. ఏమైనా, తన ఊరిని తగలబెట్టినవారి కొలువులోనే ఆ బాలుడు పెరిగాడు. వారి సైన్యాలకు సామగ్రి సమకూర్చాడు, వారి నగరాలను పాలించాడు. ఈ సంగతి మనసుకు ముల్లులా గుచ్చుకుంటుంది. దానిని దాచి ఆయన కథ చెప్పడం న్యాయం కాదు.

కుబ్లాయ్ సేనలు యున్నాన్‌ను 1253లోనే జయించినా, ఇరవై ఏండ్లు గడిచినా అక్కడ శాంతి నెలకొనలేదు. 1274లో కుబ్లాయ్ ఆయనను అక్కడికి పాలకునిగా పంపాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. అక్కడ ఉన్న మంగోలు రాకుమారుడు అనుమానంతో సైన్యాన్ని సిద్ధం చేసుకోగా, సయ్యద్ అజల్ ముందుగా తన కుమారుడు నసీరుద్దీన్‌ను పంపి వినయంగా నచ్చజెప్పారు. కత్తి దూయకుండానే ఆ చిక్కు వీడింది.

ఆయన సైనిక జీవితంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది లోపాన్ ముట్టడి. లోపాన్ నాయకుడు తిరుగుబాటు చేయగా సైన్యం బయలుదేరింది. సేనాని ముఖం విచారంగా ఉండడం చూసి అనుచరులు కారణమడిగారు. యుద్ధానికి వెళ్తున్నందుకు కాదు, నిరపరాధులు చనిపోతారనీ, సైనికులు ప్రజలను దోచుకుంటారనీ తన దిగులని ఆయన బదులిచ్చారు. కోట ముందు మూడు రోజులు వేచి చూశారు. సేనాపతులు దాడికి అనుమతి కోరితే నిరాకరించి దూతను పంపారు. నాయకుడు సరేనన్నాడు, కాని మరో మూడు రోజులైనా లొంగలేదు. ఇంతలో కొందరు సైనికులు ఆజ్ఞ లేకుండానే గోడ ఎక్కారు. ఆయన మండిపడి, జేగంట మోగించి వారిని వెనక్కి రప్పించారు. చక్రవర్తి తనను ఈ దేశాన్ని శాంతపరచమన్నాడే తప్ప సంహరించమనలేదని చెప్పి, వారిని బంధించమన్నారు. కోటలోని నాయకుడికి ఈ వార్త చేరింది. ఇంతటి దయామయునితో పోరాడటం మేలు కాదనుకుని అతడు తానే బయటికి వచ్చి లొంగిపోయాడు.

కొందరు స్థానికులు రాజధానికి వెళ్లి ఆయనపై అబద్ధపు నేరాలు మోపారు. చక్రవర్తి వారికి సంకెళ్లు వేయించి ఆయన వద్దకే పంపాడు. సయ్యద్ అజల్ ఆ సంకెళ్లు విప్పించి, వారికి పదవులిచ్చి, మంచిపని చేసి తప్పు దిద్దుకోమన్నారు.

ఆ రోజుల్లో యున్నాన్ ప్రజలు గవ్వలనే నాణేలుగా వాడేవారు. హిందూ మహాసముద్రపు గవ్వలు కొండలు దాటి అక్కడిదాకా చేరేవి. మనం నేటికీ 'చిల్లిగవ్వ లేదు' అంటుంటాము కదా! ప్రభుత్వం కాగితపు నోటును ప్రవేశపెట్టగా ప్రజలు ఇబ్బంది పడ్డారు. ఆయన చక్రవర్తికి విన్నవించి గవ్వలనే కొనసాగనిచ్చారు. నగరంలోని పురాతన మస్జిదులకు ఆయనే పునాది వేశారని అక్కడి ముస్లింలు నమ్ముతారు. ఆయనే కన్ఫ్యూషియస్ ఆలయాన్నీ కట్టించి, విద్యాబోధనకు భూములిచ్చారు. ఆ రెండవ పని మన పాఠకులలో కొందరికి వింతగా తోచవచ్చు. పాలితులందరూ తన మతస్థులే కాని దేశంలో ఆయన పాలకుడన్నది మరువరాదు.

నగరానికి దక్షిణాన దాదాపు 300 చదరపు కిలోమీటర్ల దియాన్‌చి సరస్సు ఉంది. అది పొంగితే పొలాలు మునిగేవి. ఆయన పాలనలో జాంగ్ లిదావ్ అనే అధికారి 2,000 మంది కూలీలతో నీరు పోయే దారి తవ్వించి, విస్తారమైన సాగుభూమిని బయటికి తీశాడు. ఉత్తరాన పాన్‌లోంగ్ నదిపై సోంగ్‌హువా ఆనకట్ట లేచింది. సరస్సు దక్షిణ తీరాన కున్‌యాంగ్‌లో 1371లో జన్మించిన నౌకాధిపతి జెంగ్ హ ఆయన వంశీయుడేనని వంశవృక్షాలు చెబుతాయి. జెంగ్ హ తండ్రీ తాతా ఇద్దరూ హాజీలే.

సయ్యద్ అజల్ 1279లో కన్నుమూశారు. వీధుల్లో జనం విలపించారు. పొరుగున ఉన్న వియత్నాం రాజు శోకవస్త్రాలు ధరించిన పన్నెండు మంది దూతలను పంపాడు. ఆయన సమాధి నగరానికి ఉత్తరాన, సోంగ్‌హువా ఆనకట్ట సమీపాన ఉంది. ఆ చోటనే తరువాతి కాలంలో కట్టిన జలాశయం నుండి కున్‌మింగ్ ఇళ్లకు నేటికీ తాగునీరు వెళ్తోంది.