ఉమ్మడి కలము - ఉమ్మడి లెక్క

వ్రాతకు వెల కట్టుట మన దేవరకొండకు కొత్త విషయము కాదు. తహసీలు కచేరీ ముందు చిన్న బల్ల వేసికొని అర్జీలు వ్రాసిపెట్టువారిని, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పంచన కూర్చుండు దస్తావేజు లేఖకులను మనము చిన్ననాటి నుండి చూచుచునే ఉన్నాము. చదువురాని రైతు తన గోడును నోటితో చెప్పగా, దానిని సర్కారు చదువగల భాషలో పెట్టి ఇచ్చుటే వారి వృత్తి. హైదరాబాదు ఛత్తా బజారులో ఉర్దూ కాతిబులు పెండ్లి పత్రికలను చేతితో వ్రాసి కూలి పుచ్చుకొన్న కాలము మన పెద్దలకు జ్ఞాపకమే. కనుక "వ్రాసి బ్రతుకవచ్చునా?" అను ప్రశ్న పాతది. "కొందరు కలసి, ఊరు విడువక, అంతర్జాలమునకు వ్రాసి బ్రతుకవచ్చునా?" అను ప్రశ్న మాత్రము కొత్తది. దీనికి మాకు తెలిసినంత సమాధానమును విద్యార్థి సోదర సోదరీమణుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మేము అయిదుగురము. మాలో ముగ్గురు తెలుగు మాధ్యమమున, ఇద్దరు ఉర్దూ మాధ్యమమున చదివినారు. ఒకని ఇంట బత్తాయి తోట ఉన్నది. ఒకడు తండా వాడు. ఒక సోదరి తండ్రి బజారులో దర్జీ. మా ప్రాంతమున డిగ్రీ చేతికి రాగానే హైదరాబాదు బస్సు ఎక్కుట ఆనవాయితీ. ఆ బస్సు ఎక్కుట తప్పని మేము అనుట లేదు. కాని ఇంట మంచము పట్టిన తల్లిని విడిచి పోలేని కొడుకునకు, ఊరు దాటి పంపుటకు ఇంటివారు ఒప్పుకొనని కూతురునకు ఆ బస్సు ఆగదు. మాలో ఇద్దరి స్థితి అదియే. వారిని విడిచి తక్కిన ముగ్గురము పోవుటకు మనసొప్పక ఈ పని చేపట్టినాము.

పని స్వరూపము ఇట్టిది. నగరములలోని ఆస్పత్రులు, విత్తన కంపెనీలు, బడులు, దుకాణములు తమ వెబ్ సైట్ల కొరకు తెలుగులో, ఉర్దూలో వ్యాసములు వ్రాయించుకొనుచున్నవి. దీనినే కంటెంట్ రైటింగ్ అందురు. మాటకింత అని మజూరీ. రెండవ దారి స్వంత వెబ్ సైటు పెట్టి, దానిలో వ్యాసముల ప్రక్కన ప్రకటనలు వేయించుకొనుట. గూగుల్ వారి యాడ్‌సెన్స్ అను ప్రకటనల పద్ధతి తెలుగు పుటలకు 2018లో గాని వర్తించలేదు. 2010లో గూగుల్ తానే వెల్లడించిన లెక్క ప్రకారము, ప్రకటనదారుడు ఇచ్చు ప్రతి 100 రూపాయలలో 68 రూపాయలు వెబ్ సైటు వారివి. అయితే 100 డాలర్లు పోగు పడువరకు సొమ్ము చేతికి రాదు. తొలి 10 డాలర్లు చేరగానే చిరునామా నిజమా కాదా అని తెలిసికొనుటకు ఒక సంఖ్యను ఉత్తరములో పంపుదురు. ఎంతటి అంతర్జాలమైనను చివరకు మన పోస్టుమాను సంచిలోనికి రాక తప్పలేదు!

ఈ దారిన మాకు ముందు నడచినవారు ఎందరో కలరు. వారి కథ తెలియక దిగుట మంచిది కాదు. అమెరికాలో 2005లో అసోసియేటెడ్ కంటెంట్ అను సంస్థ పుట్టినది. ఎవరైనను వ్యాసము పంపవచ్చును, రాబడిలో పాలు పొందవచ్చును. 2010లో దానిని యాహూ కొన్నది, 2014లో మూసివేసినది. 2008లో గూగుల్ 'నాల్' అను వేదికను తెరచినది. అందులో పలువురు కలసి ఒకే వ్యాసమును వ్రాయుటకు, ప్రకటనల సొమ్ములో భాగము పుచ్చుకొనుటకు వీలుండెను. అదియు 2012లో మూతపడినది. డిమాండ్ మీడియా అను మరియొక సంస్థ జనము ఏమి వెదకుచున్నారో యంత్రముతో కనిపెట్టి, చౌక వ్యాసములను రాశులు పోసినది. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన వెదకు పద్ధతిని మార్చగా అట్టి రాశులన్నియు వెనుకబడినవి. ఈ సంస్థలలో వ్రాసినవారికి తెలివి లేక కాదు, శ్రద్ధ లేక కాదు. పొలము పరులది, పంట ఎప్పుడు నిలిపివేయవలెనో పొలము గలవాడే నిర్ణయించినాడు.

ఆ తరువాత 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది. నాలుగు వ్యాసములు చూచి అయిదవది వ్రాయు పని, మేము రోజంతయు కూర్చుండి చేయునది, యంత్రము నిమిషములో చేయుచున్నది. ఇది కూడ మన ఉర్దూ సోదరులకు తెలిసిన కథయే. 1981లో నస్తాలీఖ్ లిపిని కంప్యూటరు మీద కూర్చు విధానము వచ్చినది. 1994లో ఇన్‌పేజ్ వచ్చినది. కాతిబు చేతికి పని తగ్గినది. కాని కూర్చిన పుటను చదివి తప్పు పట్టు కన్ను అప్పుడును అవసరమే, ఇప్పుడును అవసరమే. 2024 మార్చిలో గూగుల్ ఒక నియమము ప్రకటించినది. మనిషి వ్రాసినను, యంత్రము వ్రాసినను, వెదకువారిని ఆకర్షించుట కొరకే రాశులుగా పోసిన పుటలను వెనుకకు నెట్టుదుమని దాని సారాంశము. అనగా చూచి వ్రాసిన వ్రాతకు రెండు వైపులను వెల పోయినది.

మరి వెల దేనికి? మాకు మాత్రమే తెలిసిన దానికి. ఒక ఉదాహరణ చెప్పుదుము. మన నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు ఎన్ని ఎముకలను వంచినదో వేరుగా చెప్పనక్కరలేదు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఆ విషమును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించినది. లోకమంతట దానికి 'నల్లగొండ టెక్నిక్' అనియే పేరు. ఈ మాత్రము ఏ యంత్రమైనను చెప్పును. కాని ఏ తండాలో ఏ బోరు నీరు మానివేసినారు, ఎందుకు మానివేసినారు, ఆ నీరు త్రాగిన ముసలమ్మ ఇప్పుడు ఎట్లు నడచుచున్నది అనునది అక్కడికి పోయి, అరుగు మీద కూర్చుండి అడిగినవానికే తెలియును. అట్లే బత్తాయి. ఎండు తెగులు లక్షణములు పుస్తకములో ఉన్నవి. ఈ ఏడు మన ఎర్ర నేలలో ఏ చెట్టు ఎట్లు వాడినది అనునది తోటలో ఉన్నది. రేచర్ల పద్మనాయకుల నాటి మన దుర్గము సంగతియు అంతే. ఏడు కొండల నడుమ కోట ఉన్నదని అందరు వ్రాయుదురు. ఏ దారిన ఎక్కిన ముళ్ల పొదలు తప్పునో పశువుల కాపరి చెప్పవలసినదే.

కనుక మా పనికి రెండు లెక్క పుస్తకములు పెట్టినాము. మొదటిదాని పేరు సాక్ష్యపు పుస్తకము. వ్యాసములోని ప్రతి విషయమునకు ఎవరు చెప్పినారు, ఎవరు పోయి విన్నారు, ఏ తేదీన, లేక ఏ గ్రంథమున చదివినారు అనునది అందులో ఎక్కవలెను. వ్రాసినవాడు తన వ్యాసమును తానే సరిచూడరాదు. సాక్ష్యము లేని వాక్యము ఎంత అందముగా ఉన్నను కొట్టివేయవలెను. దీని వలన మా పని నెమ్మదిగా సాగును. కాని ఒకసారి వ్రాయించుకొన్న వారు మరల మా యొద్దకే వచ్చుటకు ఈ పుస్తకమే కారణము.

రెండవది సొమ్ము పుస్తకము. మొదటి మజూరీ చేతికి రాకముందే పంపకము గురించి ఒక సాయంకాలము కూర్చున్నాము. మాట పెరిగినది. ఎండలో తోటలు తిరిగి విషయము తెచ్చినది నేనని ఒకడు, దానిని వ్యాసముగా మలచినది నేనని మరియొకడు పట్టుబట్టినారు. టైపు చేయు సోదరి అంతవరకు ఊరకుండి, చివరకు తన తండ్రి దుకాణపు మాట ఒకటి చెప్పినది: "భాయ్, కత్తిరించినోళ్లే చొక్కా మాదంటే, కాజాలు తీసిన చేతికి ఏమిస్తరు? గుండీ లేని చొక్కా ఎవరు తొడుక్కుంటరు?" ఆ మాటతో అందరము చల్లబడినాము. పనిని పనిగా విడదీసినాము. వచ్చిన ప్రతి 100 రూపాయలలో విషయ సేకరణకు 30, రచనకు 30, సరిచూచుటకు 20, టైపునకు 10, ఉమ్మడి నిధికి 10. ఎవరు ఏ పని చేసిన ఆ పని పాలు వారిది. రెండు పనులు చేసినవారికి రెండు పాళ్లు.

ఈ ఒప్పందమును కాగితము మీద పెట్టుటకు బలమైన కారణము కలదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టము 13వ సెక్షను ప్రకారము, వేరుగా ఒప్పందము లేనిచో భాగస్వాములందరికి లాభము సమానమే. ఎక్కువ పని చేసినవారికి వేరుగా జీతము లేదు. స్నేహితుల నడుమ కాగితమెందుకు అనువారు ఈ సెక్షనును చదువవలెను. 69వ సెక్షను ఇంకను ముఖ్యమైనది. నమోదు కాని భాగస్వామ్య సంస్థ బయటివారి మీద ఒప్పందపు హక్కు కొరకు దావా వేయజాలదు. దీని అవసరము మాకు అనుభవమునకు వచ్చినది. నగరములోని ఒక సంస్థ మా వ్యాసములను తీసికొని సొమ్ము ఇచ్చుటకు నెలల తరబడి జాగు చేసినది. ఆ నెలలలో ఉమ్మడి నిధియే మా బస్సు ఖర్చులను, ఫోను ఖర్చులను భరించినది. తల్లి మందులకు ఆధారపడిన మిత్రునికి అప్పు ఇచ్చినదియు ఆ నిధియే. నేడు సగము సొమ్ము ముందుగా పుచ్చుకొనక కలము ఎత్తుట లేదు. హక్కుల మాటయు వ్రాసికొనుచున్నాము. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కు బదిలీ సంతకముతో కూడిన వ్రాతగా ఉండవలెను. ఎంత కాలమునకో వ్రాయనిచో 5 సంవత్సరములకని భావించుదురు.

రాబడి ఎంత అని అడుగువారికి దాచక చెప్పుదుము. దీనితో మేడలు లేవవు. ఒక్కొక్కరికి వచ్చునది బజారులోని దుకాణపు గుమాస్తా జీతమునకు కొన్ని నెలలు సమానము, కొన్ని నెలలు తక్కువ. వానకాలమున తోటల పని మీద కొంత పెరుగును, పరీక్షల కాలమున తగ్గును. అయినను మా సోదరి తన బి.ఇడి. రుసుమును తన సంపాదనతో కట్టినది. ఆ రసీదును దర్జీ తండ్రి తన దుకాణములో కొలతల పుస్తకము నడుమ దాచుకొన్నాడు. ఇంతకంటె పెద్ద లాభమును మేము ఇంకను చూడలేదు.

ఒక హెచ్చరిక కూడ అవసరము. "ఇంటి వద్దనే టైపింగు పని, ముందుగా డిపాజిట్టు కట్టుడు" అను ప్రకటనలు మన ఫోనులకు నిత్యము వచ్చుచున్నవి. పని ఇచ్చువాడు కూలి ఇచ్చును గాని, కూలివాని నుండి సొమ్ము అడుగడు. ఈ ఒక్క సూత్రము గుర్తున్నచో ఎందరో విద్యార్థుల సొమ్ము నిలుచును.

కలసి వ్రాయుట మన నేలకు పరాయి సంప్రదాయము కాదు. 1922లోనే నల్లగొండ నుండి నీలగిరి పత్రిక వెలువడినది. నిజాము రాష్ట్రములో తెలుగు కవులు లేరను మాట పుట్టినప్పుడు, సురవరము ప్రతాపరెడ్డి గారు వాదమునకు దిగక 1934లో గోలకొండ కవుల సంచికను తెచ్చినారు. అందులో 354 మంది కవులు. గ్రంథము ఒకటే, కాని ఏ కవి పేరు ఆ కవికి ఉన్నది. ఉమ్మడి అనగా ఒకని పేరులో తక్కినవారు కరగిపోవుట కాదని ఆ సంచిక మాకు నేర్పినది. అందుచేతనే మా స్వంత వెబ్ సైటులో ప్రతి వ్యాసము క్రింద సేకరించినవారి, వ్రాసినవారి, సరిచూచినవారి, టైపు చేసినవారి పేర్లు నాలుగును వేయుచున్నాము.

చివరగా కళాశాల కమిటీ వారికి ఒక విన్నపము. మన ప్రాంతపు డీటీపీ దుకాణములలో అను ఫాంటులలో టైపు చేసిన తెలుగు కాగితము మీద చక్కగా కనిపించును గాని, అంతర్జాలములో వెదకినచో దొరకదు. పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ సంగతియు ఇంతే. యూనికోడ్ లిపిలో తెలుగునకు 1991 నాటి తొలి కూర్పులోనే చోటు దొరికినది. మనము దానిని నేర్చుకొనుటయే తరువాయి. గ్రంథాలయములోని కంప్యూటరు గదిని సాయంకాలము ఒక గంట తెరచి ఉంచినచో రెండు భాషల విద్యార్థులకు యూనికోడ్ టైపు నేర్పుటకు మేము అయిదుగురము సిద్ధముగా ఉన్నాము, రుసుము అక్కరలేదు. అభ్యాసమునకు ఈ వార్షిక సంచిక పాత ప్రతులనే తీసికొని, రచయితల అనుమతితో, తెలుగు పుటలు తెలుగు విద్యార్థులు, ఉర్దూ పుటలు ఉర్దూ విద్యార్థులు టైపు చేసి ఒకరి పనిని ఒకరు సరిచూచుకొందురు గాక.

చట్టములో మాకు ప్రీతిపాత్రమైన మాట ఒకటి కలదు. ఒకరి వ్రాత ఇదియని విడదీయరాని ఉమ్మడి రచనకు కాపీరైటును లెక్కించునప్పుడు, కలసి వ్రాసినవారిలో అందరికంటె చివర మరణించినవాని నుండి 60 సంవత్సరములు లెక్కించుదురు. ఒకడు పోయినంత మాత్రమున హక్కు పోదు; మిగిలినవాడు అందరి తరఫున దానిని నిలుపును. కలసి వ్రాయదలచిన విద్యార్థులు ఈ మాట మనసున ఉంచుకొని, మొదట లెక్క పుస్తకమును, తరువాత కలమును చేతబట్టవలెనని మా కోరిక.