బడిబాట తర్వాత

జూన్ వచ్చిందంటే తెలంగాణలో సర్కారు బడి టీచర్లం బడిబాట పేరుతో ఊళ్లోకి బయల్దేరతాం. గడప గడపకూ తిరిగి, "మీ పిల్లను మా బడికి పంపండమ్మా" అని అడుగుతాం. యూనిఫాం, పుస్తకాలు, మధ్యాహ్నం అన్నం అన్నీ ఉంటాయని చెప్తాం. పేరు రాసుకుని వస్తాం. అక్కడితో ఆ ఇంటికీ మాకూ మాటలు తగ్గిపోతాయి. మళ్లీ కబురు వెళ్లేది పిల్ల నాలుగు రోజులు రాకపోతేనో, ఎవరితోనైనా కొట్లాడితేనో, ఆధార్ జిరాక్సు అవసరమైతేనో. ఈ పద్ధతి మారాలని నా గట్టి కోరిక. పిల్లను పంపమని అడగడానికి వెళ్లిన మనమే, పంపిన పిల్ల పొద్దంతా బడిలో ఏం చేస్తుందో చెప్పడానికీ వెళ్లాలి.

తల్లిదండ్రులకు తెలిసిన బడి తాము చదువుకున్న నాటి బడి. అసలు చదువుకోని వాళ్లకు అదీ తెలియదు. నాటికీ నేటికీ మారకుండా ఉన్నది ప్రేయరే. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాసిన ప్రతిజ్ఞను ఈ పిల్లల నాయనమ్మల్లో కొందరు కూడా చెయ్యి చాచి చెప్పినవాళ్లే. ప్రేయర్ అయ్యాక గదిలోకి వెళ్లిన పిల్లలు ఏం చేస్తారన్నది మాత్రం ఇంటికి కొత్త. ఇప్పటి ఒకటో తరగతి, మన పాత ఒకటో తరగతి కాదు.

ఒకటో తరగతి టీచర్లందరూ ఏటా వినే మాట ఒకటుంది. "మేడం, రెండు నెలలాయె, పుస్తకంల ఒక్క అక్షరం లేదు. మా పిల్ల ఊకె ఆడుకుంట వస్తుంది. ఎప్పుడు రాపిస్తరు?" ఈ మాటలో కోపం లేదు, భయం ఉంది. ఆ తల్లి చూడగలిగింది నోటుబుక్కు ఒక్కటే. అది ఖాళీగా ఉంటే చదువు లేదనే అనుకుంటుంది. పక్కింటి పిల్ల ప్రైవేటు బడిలో నాలుగు పేజీలు నింపి తెస్తుంటే ఆ భయం ఇంకా పెరుగుతుంది. దసరా సెలవుల తర్వాత మా తరగతిలో ఒకటి రెండు పేర్లు తగ్గడానికి చాలాసార్లు కారణం ఇదే. అది చదువు చెప్పకపోవడం వల్ల వచ్చిన నష్టం కాదు. చెప్తున్న సంగతి ఇంటికి తెలియకపోవడం వల్ల వచ్చినది.

నిజానికి ఆ రెండు నెలల్లో ఎంతో పని జరుగుతుంది. ఒకటో తరగతి మొదట్లో మూడు నెలలు ఆటపాటలతోనే పిల్లలను బడికి అలవాటు చేయాలని ఎన్‌సీఈఆర్‌టీ 2021లో విద్యాప్రవేశ్ పేరుతో కార్యక్రమం తెచ్చింది. మట్టితో బొమ్మలు చేసినా, పూసలు గుచ్చినా, కాగితం చింపి అంటించినా పెన్సిల్ పట్టుకునే వేళ్లకు బలం వస్తుంది. "కమలం" అంటూ మూడు చప్పట్లు కొట్టిస్తే, మాటలో ముక్కలుంటాయని పిల్ల చెవికి పట్టుబడుతుంది. ఆ ముక్కలు వినపడని పిల్లకు అక్షరం ఒట్టి గీతే. ఇదంతా తల్లికి ఐదు నిమిషాల్లో చెప్పవచ్చు. చెప్పడం కంటే ఆమె ముందే పిల్లతో చప్పట్లు కొట్టించి చూపిస్తే ఇంకా మంచిది. అలా చూసిన తల్లి మళ్లీ నోటుబుక్కు మాట ఎత్తడం అరుదు.

అక్షరాల వరస సంగతీ అంతే. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లను కూర్చోబెట్టి "అ ఆలు చెప్పు" అంటారు. పిల్ల మూడో అక్షరం దగ్గర ఆగిపోతుంది. వాళ్లు నిట్టూరుస్తారు. అదే పిల్ల "తల", "వల" అని రాసి చూపిస్తే తడుముకోకుండా చదువుతుంది. ఎందుకంటే ఇప్పుడు బొమ్మ చూపించి, మాట పలికించి, ఆ మాటలోంచి అక్షరాన్ని విడదీసి నేర్పుతున్నాం. వర్ణమాల వరస తర్వాత వస్తుంది. జూన్‌లోనే ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఇంట్లో ఆ నిట్టూర్పు ఉండేది కాదు. చదవడం వచ్చిన పిల్ల ఏమీ రాదనిపించుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

హోంవర్కు గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. కేంద్రం 2020లో తెచ్చిన బడి సంచీ విధానం ప్రకారం ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు ఉండకూడదు. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలకు మించకూడదు. ఇది ఊళ్లో ఎవరూ చెప్పకపోతే, హోంవర్కు ఇవ్వని టీచరు పని చేయని టీచరే అవుతుంది. పిల్ల సాయంత్రం ట్యూషన్‌కు వెళ్తుంది.

అసలు ఇంటి నుంచి మనం ఏం ఆశిస్తున్నాం? "ఇంట్లో కాస్త చదివించండి" అన్న మాట నేను మానుకోవాలనుకునే మాటల్లో మొదటిది. అక్షరం రాని తల్లి ఏం చదివిస్తుంది? ఆ మాట విని ఆమె తల వంచుకుని వెళ్తుంది, అంతే. ఆమె చేయగలిగినవి చాలా ఉన్నాయి. ప్రేయర్ వేళకు పంపడం, ఆదివారం గోళ్లు తీయడం, రాత్రి పెందలాడే పడుకోబెట్టడం, "ఈరోజు ఏ కథ చెప్పిన్రు?" అని అడిగి పిల్ల చెప్పింది చివరిదాకా వినడం, అంగడి నుంచి తెచ్చిన టమాటాలు లెక్కపెట్టించడం. వీటిలో దేనికీ చదువు అక్కర్లేదు. ఆమె చేసేది చదువులో భాగమేనని మనం గట్టిగా చెప్పాలి.

ఆబ్సెంట్ సంగతి తిట్టి చెప్పేది కాదు. పత్తి ఏరే రోజుల్లో చిన్నదాన్ని చూసుకోవడానికి పెద్దదాన్ని ఇంట్లో ఆపుతారు. చుట్టాల పెళ్లికి వెళ్తే వారం దాకా రారు. ఒత్తులు మొదలుపెట్టే వారంలో పిల్ల రాకపోతే నెల తర్వాత కూడా ఆ చోటే తడబడుతుందన్నది వాళ్లకు ఎవరు చెప్పారు? ఏ నెలలో ఏ పాఠం, ఏ వారం తప్పకూడనిది అని ముందే చెప్తే, కొందరైనా నాయనమ్మను ఇంట్లో ఉంచి పిల్లను బడికి పంపుతారు. అందరూ పంపలేరు. పంపలేని వాళ్ల ఇబ్బంది మనకు అర్థం కావాలి.

కాగితం మీద తల్లిదండ్రుల స్థానం పెద్దదే. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లుండాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది డిసెంబరు 7న సర్కారు బడులన్నిటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఇవన్నీ మంచివే. అయితే మీటింగు పగలు పెడితే కూలికి వెళ్లే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. వచ్చినా తలుపు దగ్గర నిలబడుతుంది. ఆమెను పిలిచి కూర్చోబెట్టాలి. మరుగుదొడ్లు, ప్రహరీ గోడ మాటలు అయ్యాక తన బిడ్డ సంగతి వినడానికి ఆమెకు సమయం మిగలాలి. సాయంత్రం పూట వాడకట్టులో పది మంది అమ్మలు ఒక అరుగు మీద దొరికితే, అక్కడ జరిగే మాటకు ఎక్కువ బలం ఉంటుందని నా నమ్మకం.

వాట్సాప్ గ్రూపు మంచి సాధనమే, కానీ స్మార్ట్‌ఫోను చాలా ఇళ్లలో తండ్రి జేబులో ఉంటుంది, తండ్రి హైదరాబాద్‌లో పనిలో ఉంటాడు. ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వరసల కంటే తెలుగులో నిమిషం మాట రికార్డు చేసి పంపితే, రాత్రి ఫోనులో అతను భార్యకు చెప్తాడు. ఊళ్లో బస్సెక్కి చుట్టుపక్కల ప్రైవేటు బడులకు వెళ్లే పిల్లల డైరీల్లోనూ ఈ ఇంగ్లీషు ఇబ్బందే. అందులో ఇంగ్లీషులో రాసింది తల్లికి చదివి చెప్పాల్సింది ఆ పిల్లే. ఒక పిల్ల తప్పును మాత్రం గ్రూపులో ఎప్పుడూ పెట్టకూడదు. అది ఆ ఇంటికి వెళ్లి, పిల్ల పక్కన లేనప్పుడు, నెమ్మదిగా చెప్పాల్సిన మాట.

ఇంటికి మన సంగతి చెప్పడం మొదలుపెడితే, ఇంటి సంగతులు మన దగ్గరికి వస్తాయి. బడిలో నీళ్ల గంట ఎందుకు కొడుతున్నామో, పిల్లలు నీళ్లు తాగకపోతే ఏమవుతుందో వాడకట్టులో చెప్తుంటే ఒక నాయనమ్మ మధ్యలో అందుకుంది. "గదా మేడం, మా పిల్ల నీళ్లు తాగకుంటనే వస్తది. ఇంట్ల ఒకసారి బాత్రూం గొళ్లెం పడి లోపల్నే ఉండిపోయింది. అప్పటిసంది ఒక్కతే పోవాల్నంటే భయం." ఆ పిల్ల మా తరగతిలో మధ్యాహ్నానికల్లా నీరసంగా, చిరాగ్గా ఉండేది. మేము పాఠం అర్థం కావడం లేదనుకున్నాం. మర్నాటి నుంచి ఆ పిల్ల బాత్రూంకు వెళ్లేటప్పుడు తోడుగా ఇంకో పిల్లను పంపిస్తున్నాం. ఈసారి బడిబాటలో పేరు, పుట్టిన తేదీతో పాటు ఇలాంటి భయాలు ఏమైనా ఉన్నాయా అని కూడా అడగాలని మా బడి టీచర్లం అనుకున్నాం.