పాతబస్తీ మిద్దెలపై నొక రాగితీఁగ

హైదరాబాదు నగరమునకు వచ్చిన సోదరీమణులు చార్మినారును జూతురు; లాడ్‌బజారులో లక్కగాజులు కొందురు; సాలార్‌జంగు ప్రదర్శనశాలలో గంటకొట్టు గడియారము ముందు పిల్లలతోఁ గూర్చుందురు; పిమ్మట రైలెక్కుదురు. నేనును అనేక పర్యాయము లట్లే చేసితిని. కాని యీ మాఱు లాల్‌దర్వాజలోని మా పెద్దమ్మ యింట నాలుగు దినములుండి, అచ్చటి మిద్దెలమీఁద మున్నెన్నఁడు నెఱుఁగని యొక వింతను జూచితిని. దానిని మీకుఁ దెలుపుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

చార్మినారునుండి దక్షిణముగ షాలిబండ దారిఁ బట్టి పోయి, యెడమవైపునకుఁ దిరిగినచో లాల్‌దర్వాజ వచ్చును. ఆషాఢమాసమున సింహవాహిని మహంకాళి యమ్మవారి బోనాలతో నిండిపోవు పేఁట యిదియే. ఇండ్లు ఒకదాని నొకటి యానుకొని యుండును. మిద్దె యెక్కి చూచిన, విద్యుత్తు తీఁగలు, టెలివిజను తీఁగలు తలకుఁ దగులునట్లు చిక్కుపడి కనఁబడును. వానికిఁ బైన, రెండు వెదురుగెడల నడుమ, ఒంటరిగ నొక రాగితీఁగ సాగి యుండెను.

"బట్టలారవేయుట కింత యెత్తున నెవరు కట్టి"రని యడిగితిని. మా అక్క కూఁతురు పకపక నవ్వి, "కాదు చిన్నమ్మా! అది పొరుగింటి సారు మాటలాడు తీఁగ" యనెను. ఆ పిల్లకుఁ బదునాలుగేండ్లు. ఆనాఁటి సాయంకాలమే నన్నాయన గదికిఁ దీసికొనిపోయినది.

ఆ సారు విశ్రాంతి తీసికొన్న యుపాధ్యాయుఁడు. ప్రభుత్వమువారి యనుమతి పొందిన హాము. తమకుఁ గల యాసక్తిచేత, ధనాపేక్ష లేక, రేడియోద్వారా యితరులతో సంభాషించువారిని లోకమంతటను హాములందురు. ఆయన గదిలో వస్తువులు బహు స్వల్పము. పోపులపెట్టె యంత రేడియో, 12 వోల్టుల బ్యాటరీ, చెవులకుఁ దగిలించుకొను గొట్టములు, చేతిలో నిముడు మైకు, మోర్సు సంకేతములు కొట్టుటకు మీట. గోడనిండ దేశదేశముల హాములు పంపిన కార్డులు. మా సంభాషణ నిజమే యని యొకరికొకరు వ్రాసికొను రసీదులవి.

తీఁగ పొడవు 66 అడుగులు. నడుమఁ దెంచి యొక్కొక్క వైపున 33 అడుగులుగఁ గట్టుదురు. నాలుగు చీరలను గొంగునకుఁ గొంగు ముడివేసిన పొడవుకంటెఁ గొంచెము తక్కువ. 40 మీటర్ల తరంగములో సగమగుటచే నా కొలత. పెట్టె శక్తి యేడు వాట్లు మాత్రమే. నేఁటి యింటిదీపమునకుఁ గావలసినంత. ఇంత చిన్న శక్తితో మాట యెట్లు పోవునని నాకు సందేహము కలిగెను. భూమికి నూఱు కిలోమీటర్లకుఁ బైఁబడిన యెత్తున విద్యుత్కణములతోఁ గూడిన పొరలున్నవనియు, మిద్దె కప్పునకుఁ గొట్టిన బంతి దూరముగ వచ్చి పడినట్లు తరంగములు వానికిఁ దగిలి దూరదేశములలో దిగుననియు సారు బోధించెను. పగటివేళ నివి కొన్ని వందల కిలోమీటర్లు పోవును. రాత్రివేళ సముద్రములనే దాఁటును. ఊరిలోనివారితో మాటలాడుటకు 2 మీటర్ల తరంగముల చేతిపెట్టెలు వేఱుగఁ గలవు. ఉఱుములు మెఱుపులు వచ్చునపుడు తీఁగను బెట్టెనుండి తప్పక విడఁదీయవలెను.

ఈ పెట్టెను జూడఁగా మనకు గర్వము కలుగవలెను. ఇది యీ నగరమునఁ బుట్టిన పెట్టె. హైదరాబాదువాఁడైన అశ్హర్ ఫర్హాన్ అను హాము, ఇరువదేండ్లకుఁ బూర్వమే బిట్‌ఎక్స్ అను రేడియోను గల్పించి, దాని పటమును లోకమున కూరక యిచ్చివేసెను. తీఁగచుట్టలకుఁ గావలసిన యుంగరములు దొరకనిచోఁ గుళాయిలలో వేయు వాషర్లమీఁదనే చుట్టవచ్చునని చూపెను. 300 రూపాయలలోపుననే భాగములన్నియుఁ గూడుచుండెడివి. తరువాత 2016 లో సిద్ధముచేసిన బిట్‌ఎక్స్ 40 పలకలలోని తీఁగచుట్టలను ఈ నగరపు స్త్రీల బృందములు చేతులతోఁ జుట్టినవి. పాతబస్తీలో జరీ కుట్టుచు, లక్కగాజులకు రాళ్లు పొదుగుచు ఎందఱో వనితలు జీవించుచున్నారు. సన్నని తీఁగను సమముగఁ జుట్టుటకు నట్టి యోర్పు గల చేతులే కావలెను. అట్టి చేతుల పనియే నేఁడు పెక్కు దేశములలోఁ బలుకుచున్నది.

మా పిల్లయు నొక వాషరుమీఁదఁ దీఁగ చుట్టి నాకుఁ జూపినది. వంటింటఁ జిక్కుడుకాయలు తుంచుచు, "డిట్ డా, డా డిట్ డిట్ డిట్" అని గొణుగుచుండఁగా నేదో మంత్రమనుకొంటిని. అది మోర్సు పాఠము. హాముల భాషయు వింతయైనదే. ఎవరైనఁ బలుకుఁడని పిలుచుటకు "సీక్యూ" యందురు. సెలవు తీసికొనుచు శుభాకాంక్షలకు "73" అందురు. ఆఁడుహాము, ఎనుబదేండ్ల యవ్వయైనను, వారి భాషలో "వైయెల్" అనఁగాఁ బడుచుపిల్లయే!

పిల్ల మైకు ముట్టుకొనఁగా సారు వారించెను. అనుమతి లేనివారు ప్రసారము చేయరాదు. 2009 సంవత్సరపు నియమావళి ప్రకారము 12 ఏండ్లు నిండినవారు పరీక్షకుఁ గూర్చుండవచ్చును. విద్యుత్తు, రేడియో, నియమములు అందలి విషయములు. పై తరగతికి మోర్సు నిమిషమునకు 8 మాటల చొప్పున రావలెను. అంతవఱకుఁ బిల్ల వినుట మాత్రమే.

"ఆఁడుపిల్ల కీ తీఁగలెందు"కని పెద్దమ్మ యడ్డుచెప్పుచుండెను. వెదురుగెడ నొకదానిని దన మిద్దెపై నిలుపుట కామె యొప్పుకొనలేదు. పిల్ల పట్టుదలకుఁ గారణము మా అక్క నాకుఁ జెప్పినది.

2020 అక్టోబరు 13 వ తేదీ రాత్రి నగరమున నొక్క దినములో 19 సెంటీమీటర్ల వర్షము కురిసినది. ఫలక్‌నుమా ప్రాంతపు కాలనీలు మునిఁగినవి. అప్పుడు మా అక్క కాపుర మా వైపుననే. నీరు మెడవఱకు రాఁగా, తొమ్మిదేండ్ల పిల్లను భుజమున వేసికొని మిద్దె యెక్కినది. విద్యుత్తు పోయెను, సెల్‌ఫోనులు మూగవోయెను. మూఁడు నాలుగు కిలోమీటర్ల దూరమున నున్న తల్లికి "మేము బ్రతికియున్నా"మను నొక్క మాట చేర్చుటకు మఱునాఁటి మధ్యాహ్నమైనది. ఆ రాత్రి పెద్దమ్మ గడపలో నిలువఁబడి యేమనుకొన్నదో యామె నేఁటికిని జెప్పదు. ఆ నెలనుండి అక్క కాపురము తల్లి యింటనే.

ఈ నగరమున కిట్టి రాత్రి క్రొత్త కాదు. 1908 సెప్టెంబరు 28 న మూసీ పొంగి 15,000 మంది వఱకు మరణించిరందురు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూఁతురును ఆ వఱదలోఁ గోల్పోయి తా నొక్కఁడే మిగిలెను. అఫ్జల్‌గంజులో ఉస్మానియా యాసుపత్రి తోఁటలోని చింతచెట్టు నెక్కి నూటయేఁబది మంది బ్రతికిరి.

ఆపదలో నొక్క పెట్టె యేమి చేయఁగలదో యొక స్త్రీయే చూపినది. 1983 లో నీ నగరమున స్థాపింపఁబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థవారు 2004 డిసెంబరులో నండమాను దీవులకు నొక బృందమును బంపిరి. నాయకురాలు భారతీప్రసాద్, రేడియోలో నామె పేరు వీయూ2ఆర్‌బీఐ. చాల యేండ్లుగా హాముల పలుకు వినఁబడని యా దీవులనుండి ప్రపంచమువారితో మాటలాడుట వారి వేడుక. 26 వ తేదీ యుదయమున భూమి కంపించి సముద్రము దీవులపైఁ బడినది. మామూలు సమాచారమార్గములు తెగిపోఁగా, ఆమె వేడుకను విడిచి, పోర్టుబ్లెయిరులోని యధికారి కార్యాలయమున రేడియో నిలిపి, క్షేమసమాచారములను ప్రధానభూభాగమునకుఁ జేర్చినది. అట్లు మాట యందిన తల్లు లెందఱో!

అయితే యొక్క మాట. పెట్టె యొక్కటి యున్నంత మాత్రమునఁ బ్రయోజనము లేదు. ఆవలి యొడ్డునను వినువారుండవలెను. ఆపద రాకమున్నే చేతికి నలవాటుండవలెను. పేఁట కొక్క యింటనైన నొక స్త్రీ యీ విద్య నేర్చియుండుట మంచిది. వఱద వచ్చునపుడు ఇంటనుండువారు తఱచు మనమే కదా!

నేను బయలుదేరు ముందునాఁటి రాత్రి పెద్దమ్మను బలవంతముగ సారు గదికిఁ దీసికొని వెళ్లితిమి. ఆయన "సీక్యూ, సీక్యూ" యని పిలిచెను. గరగర శబ్దములనడుమ నెవరో దూరమునఁ దమ పేరు చెప్పి, "మీ మాట స్పష్టముగ వినఁబడుచున్న" దనిరి. పెద్దమ్మ చాలసేపు మాటలాడలేదు. పిమ్మట మెల్లగ నడిగినది: "కరెంటు పోతే గూడ ఇది మాట్లాడుతదా, బిడ్డా?"

"బ్యాటరీతోనే నడుస్తుంది, అమ్మమ్మా" అని పిల్ల చెప్పినది.

మఱునాఁడు నేను రిక్షా యెక్కుచుండఁగాఁ బెద్దమ్మ మిద్దెమీఁదినుండి కేక వేయుట వినఁబడినది. నన్నుఁ గాదు, మనుమరాలిని: "ఆ గెడ మన మిద్దె మీదనే పాతుకో! నా వడియాలు మాత్రం తొక్కకు!"