మంద్రం మాది

రెండేళ్ళు కూడబెట్టిన డబ్బు పోసి పాత బేస్ గిటార్ కొన్నాను. జపాన్‌లో చేసిన ఫెండర్ ప్రెసిషన్. మా అనకాపల్లి వైపు కంటికి కనబడని సరుకు. విశాఖలో వాయించడం మానేసిన ఒక పెద్దాయన ఇచ్చాడు. రంగు ఊడింది గానీ నెక్ తిన్నగా ఉంది. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

'ఏట్రా, నాలుగు తీగలకి ఇంత డబ్బా?' అంది అమ్మ. ఆంప్‌కి తగిలించి లావు తీగ మీటాను. గోడ అదిరింది. 'మీ అయ్య డప్పులాగ గుండెల్లో కొడతందిరా' అంది.

అయ్య పగలు మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసేవాడు. పెళ్ళిళ్ళకి డప్పు కొట్టేవాడు. మోత పందిట్లోకి పోయేది, మనిషి బయటే. ఏ శుభలేఖలో ఆయన పేరుంది?

ఈ వాయిద్యం 1951లో లియో ఫెండర్ తెచ్చాడు. దాన్ని మాట్లాడించినవాడు డెట్రాయిట్ నల్లవాడు జేమ్స్ జేమర్సన్. 1960ల్లో మోటౌన్ పాటలకి లోకమంతా చిందేసింది. రికార్డు అట్టల మీద ఆయన పేరు వెయ్యలేదు. 1971లో గాని అచ్చు కాలేదు.

అడుగు స్వరం తీసేసి చూడండి, పాట కూలిపోద్ది. మా పేట కుర్రాళ్ళం ఇప్పుడు పాటలు రికార్డు చేస్తన్నాం. ప్రతి పాట కిందా వాయించినవాళ్ళందరి పేర్లూ రాస్తాం. డప్పు కొట్టినవాడి పేరే ముందు.