అంకె ఢిల్లీది, అవస్థ ఊరిది

సాకేత్‌లో ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డు పక్కన, ఖిర్కీ గ్రామాన్ని ఆనుకొని సాత్‌పులా ఉంది. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో, వాగు నీటిని నిలిపి పొలాలకు వదలడానికి కట్టిన ఆనకట్ట అది. కమానులు నేటికీ నిలిచే ఉన్నాయి. వాగు మాత్రం మురుగు కాలువైంది. నీటిని ఆపి పంచడం ఆనాటి పాలనకు తెలిసిన విద్య. వాడిన నీటిని శుద్ధి చేసి వదలడం ఈనాటి పాలనకు ఇంకా పట్టుబడని విద్య.

నియమాలు లేక కాదు. మురుగులోని సేంద్రియ మలినాలను కరిగించడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత బీఓడీ. శుద్ధి తరువాత అది లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదన్నది పాత నియమం. 2015 నవంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా దాన్ని 10కి దించింది. 2017 అక్టోబరు నాటి తుది ప్రకటన మహానగరాలకు 20, చిన్న ఊళ్లకు 30 అన్నది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మహానగరాలకే కాక దేశమంతటికీ మళ్లీ 10 అన్నది. నాలుగేళ్లలోపే అంకె ఇన్నిసార్లు మారింది. ఒకసారి కట్టిన శుద్ధి కేంద్రమో దశాబ్దాల పాటు నడవాలి. 30కి కట్టినది 10ని అందుకోవాలంటే అదనపు తొట్లు, వడపోత, కరెంటు, చేయి తిరిగిన సిబ్బంది కావాలి.

నిధులు లేవన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలోనే తేల్చి, మూడేళ్ల గడువు పెట్టింది. ఆ మాట న్యాయమే. నదికి ఖజానా లెక్కలు పట్టవు. అయితే 2019లో ట్రిబ్యునల్ ఆలస్యమైన ఒక్కో కేంద్రానికి నెలకు 10 లక్షల రూపాయల పరిహారం విధించింది. ఆ సొమ్ము కూడా చివరికి ప్రజల పన్నుల నుంచి రావలసిందే. మోటారు కొనవలసిన డబ్బు జరిమానాకు పోతే నీరు శుభ్రపడదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, నిజంగా శుద్ధి అవుతున్నది 20,235. అంటే పావు వంతు కన్నా కాస్త ఎక్కువ. అంకె 10 కావాలా, 20 కావాలా అన్న వాదమంతా ఈ కొద్దిపాటి నీటి గురించే. మిగిలినది ఏ అంకెకూ చిక్కకుండా పారిపోతున్నది.

74వ రాజ్యాంగ సవరణ పారిశుద్ధ్యాన్ని పురపాలికల బాధ్యతల జాబితాలో చేర్చింది. దానికి తగిన ఆదాయాన్ని చేర్చలేదు. కట్టడానికి అమృత్ వంటి పథకాల సొమ్ము వస్తుంది. ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది. ఆ తరువాతి కరెంటు బిల్లుకు శిలాఫలకం ఉండదు. కాబట్టి చిన్న పురపాలికకు కావలసింది మరో నోటీసు కాదు, తోడు. ముందుగా కట్టే కేంద్రానికి దాని ఆయుష్షంతా మారని ప్రమాణం, పాతదానికి మెట్టుమెట్టుగా గడువు. నిర్మాణంతో పాటే నిర్వహణకూ నిధి. నాలుగైదు ఊళ్లకు ఉమ్మడిగా ఒక ఇంజనీరు, ఒక ప్రయోగశాల. నెలనెలా నీటి పరీక్ష ఫలితం వార్డు ప్రజలకు కనిపించే చోట. ఇవి ఇచ్చిన తరువాత కూడా విఫలమైతే శిక్షించడం న్యాయం.

హైదరాబాదు కోసం 2021లో తెలంగాణ ప్రభుత్వం 31 కొత్త శుద్ధి కేంద్రాలు మంజూరు చేసింది. రాజధానికి అటువంటి బలం ఉంది. మూడో శ్రేణి మున్సిపాలిటీకి లేదు. మూసీ కింది పల్లెల్లో ఆ నీటితోనే గడ్డీ వరీ పండించే రైతుకు ఢిల్లీలో అంకె ఎంత కఠినంగా రాశారన్నది అక్కరలేదు. తన కాలువలోకి వచ్చే నీరు ఎలా ఉందన్నదే ఆయనకు చట్టం.