పార్కర్ లైబ్రరీలో ఒక పూట

కేంబ్రిడ్జి వెళ్ళిన మనవాళ్ళు ట్రినిటీ కాలేజీ ముందు నిలబడి, రామానుజం తిరిగిన చోటు ఇదే కదా అని మురిసిపోయి, కామ్ నదిలో పడవెక్కి తిరిగి వచ్చేస్తారు. నేను మాత్రం మా అన్నయ్య కూతురి పుణ్యమా అని కార్పస్ క్రిస్టీ కాలేజీలోని పార్కర్ లైబ్రరీ చూశాను. ఆ పిల్ల చదివేది వైద్యమూ కాదు, కంప్యూటర్లూ కాదు, వెయ్యేళ్ళనాటి ఇంగ్లీషు!

1575లో చనిపోయిన మాథ్యూ పార్కర్ అనే ఆర్చిబిషప్పు ఈ పుస్తకాలు ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదండోయ్. ఇన్నిటికి మించి పోతే మొత్తం సొత్తు పక్క కాలేజీకి చెందాలని షరతు పెట్టాడు. ఏటేటా పక్కవాళ్ళు వచ్చి లెక్క చూసుకునే ఏర్పాటు. దాయాదుల కళ్ళను మించిన కాపలా ఏముంటుంది? ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ ప్రతులలో కెల్లా పాతది ఇక్కడే భద్రంగా ఉంది.

అద్దం వెనక ఒక తోలు పుట చూశాను. ఒక్క ముక్క అర్థమయితే ఒట్టు. 'థోర్న్' అనే అక్షరం ఇప్పటి ఇంగ్లీషులో లేనే లేదట. నాకు మన బండిరా జ్ఞాపకం వచ్చింది.

"ఇదీ ఇంగ్లీషేనటే?" అన్నాను.

"ఇంగ్లీషే అత్తయ్యా. మూడు లింగాలు, విభక్తులు. నువ్వు చిన్నప్పుడు శబ్దమంజరి వల్లె వేశావే, అలాగే వెయ్యాలి."

రాజమహేంద్రవరంలో నన్నయగారు భారతం తెనిగించిన శతాబ్దంలోనే, 1066లో, నార్మన్లు గెలిచి ఈ భాషను కొలువులోంచి తప్పించారు. ఇందులో పండితురాలు కావాలంటే ఇది ఒక్కటీ చాలదు. మఠాలవాళ్ళు రాసింది లాటిన్‌లో, వైకింగులు వచ్చారు కనుక పాత నార్స్ కావాలి, పరిశోధనలు చదవడానికి జర్మన్, ఆపైన లిపిశాస్త్రం. ఇంత చేసి మిగిలిన వాఙ్మయమెంత? పద్యం సుమారు 30,000 పాదాలు, అదీ చాలా వరకు నాలుగే పుస్తకాలలో. బేవుల్ఫ్ కావ్యానికి ఉన్న ఒకే ఒక్క ప్రతి 1731 అగ్నిప్రమాదంలో అంచులు కమిలి బయటపడింది. చేయవలసిన పని మాత్రం తరగదు. టొరంటోలో 1970లో మొదలైన నిఘంటువు నేటికీ పూర్తి కాలేదు.

ఉద్యోగాల మాట ఎత్తితే పిల్ల ముఖం చిన్నబోయింది. డాక్టరేటు వచ్చినా ఏడాదికో రెండేళ్ళకో కుదిరే కొలువులే ఎక్కువ. ఖాయమైనవి వేళ్ళమీద లెక్క. పైగా ఆ పేరుతోనే ఒక పేచీ. జాతి గొప్పలు చెప్పుకునేవాళ్ళు 'ఆంగ్లో-శాక్సన్' మాటను జెండాగా ఎత్తుకున్నారని, 2019లో ఈ రంగపు అంతర్జాతీయ పండిత సంఘం తన పేరులోంచి ఆ మాట తీసేయాలని ఓటు వేసింది. మన చామనచాయ పిల్ల ఆ పుటలు చదువుతూంటే నాకు ముచ్చటా వేసింది, బెంగా పట్టుకుంది.

"మీ నాన్నకు ఏం చెప్పమంటావే?" అన్నాను.

"నాలుగేళ్ళు చూస్తానని చెప్పు. కుదరకపోతే ఏదైనా బళ్ళో లాటిన్ చెప్పుకుంటాను" అని, చదువుకునే గదికి వేళయిందంటూ సంచీలోంచి పెన్ను తీసి నా చేతికిచ్చి, పెన్సిలు మాత్రం పట్టుకుని లోపలికి వెళ్ళింది. అక్కడ సిరా నిషిద్ధం.