ఖాళీ గుర్రాలూ, నా ఒత్తులూ



పోయిన పోస్టులో నేను 'భోజనం' అని రాయాల్సిన చోట 'బోజనం' అని రాశానని ఒకరు నలుగురిలో ఎత్తి చూపారు. తప్పే. నేను చదివింది తమిళ మీడియం. అక్కడ క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. తెలుగు రాత పెళ్ళయ్యాక, రైల్వేలో డ్యూటీ దిగి వచ్చి రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. అయినా మనసు చివుక్కుమంది. ఇక రాయడం మానేద్దాం అనుకున్నాను.

ఆ వారమే మనవరాలితో కలిసి 'కెప్టెన్ బ్లడ్' చూశాను. 1935లో వార్నర్ బ్రదర్స్ తీసిన ఓడల సినిమా. కథ 1685 నాటి ఇంగ్లండుది. పీటర్ బ్లడ్ ఒక డాక్టరు, ఐర్లండు మనిషి. రాజు మీద తిరగబడి గాయపడ్డ ఒకడికి కట్టు కట్టినందుకు అతన్నీ రాజద్రోహి అంటారు. జమైకాకు తీసుకుపోయి బానిసగా అమ్ముతారు. పది పౌండ్లకు అరబెల్లా అనే అమ్మాయి కొంటుంది. స్పెయిన్ వాళ్ళు ఊరి మీద పడిన రాత్రి, వాళ్ళ ఓడనే పట్టుకుని తోటి బానిసలతో పారిపోయి సముద్రపు దొంగ అవుతాడు.

సినిమా అయ్యాక దీన్ని తీసినవాళ్ళెవరా అని చదివాను. అప్పుడు ఆశ్చర్యం వేసింది. కథేమో ఇంగ్లీషు వాళ్ళది. మూల నవల 1922లో రాసిన రఫాయెల్ సబాతినీ ఇటలీలో పుట్టినవాడు. తండ్రి ఇటలీ మనిషి, తల్లి ఇంగ్లీషావిడ. బడి చదువు పోర్చుగల్‌లో, స్విట్జర్లాండ్‌లో. హీరో ఎర్రల్ ఫ్లిన్ ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టాడు. హీరోయిన్ ఒలీవియా డి హావిలాండ్ పుట్టింది టోక్యోలో. కత్తియుద్ధంలో చచ్చే విలన్ బాసిల్ రాత్‌బోన్ పుట్టింది జొహానెస్‌బర్గ్‌లో. తీసిన చోటు కాలిఫోర్నియా. ఓడల యుద్ధంలో బొమ్మ ఓడలున్నాయి, 1924 నాటి మూకీ 'ది సీ హాక్' నుంచి తెచ్చి అతికించిన ముక్కలున్నాయి. చూస్తున్నప్పుడు అతుకు కనిపించదు.

ముందు హీరోగా అనుకున్నది రాబర్ట్ డోనాట్‌ను. ఆయన రాలేదు. ఫ్లిన్ అప్పటికి పేరు లేనివాడు. అదే ఏడాది ఒక సినిమాలో వేసిన వేషం ముఖ్యంగా శవం. అలాంటివాణ్ణి నమ్మి ఇంత పెద్ద సినిమా అప్పగించారు.

సంగీతం వియన్నా నుంచి వచ్చిన కోర్న్‌గోల్డ్‌ది. ఇచ్చిన గడువు సుమారు మూడు వారాలు. చాలక, కత్తియుద్ధం దగ్గర లిస్ట్ అనే పాత విద్వాంసుడి సంగీతంలోంచి కొంత తీసుకున్నాడు. అందుకని టైటిల్స్‌లో తన పేరు పక్కన 'సంగీత కూర్పు' అనే అర్థం వచ్చేలా వేయించుకున్నాడు. అరువు తెచ్చుకున్నదాన్ని అరువనే చెప్పుకున్నాడు. అందులో చిన్నతనం ఏముంది? నా తెలుగులో సగం తమిళమే ఉందని నేనూ చెప్పుకోవచ్చు కదా అనిపించింది.

ఇక డైరెక్టరు మైకేల్ కర్టిజ్ బుడాపెస్ట్ మనిషి. ఆయన ఇంగ్లీషు వింటే సెట్లో అందరికీ నవ్వే. మరుసటి ఏడాది ఇంకో సినిమా తీస్తూ, రౌతులు లేని గుర్రాలను తోలమనడానికి 'ఖాళీ గుర్రాలను తీసుకురండి' అని అరిచాడట. ఫ్లిన్, డేవిడ్ నివెన్ పడీపడీ నవ్వారు. 1975లో నివెన్ తన జ్ఞాపకాల పుస్తకానికి ఆ మాటనే పేరుగా పెట్టుకున్నాడు. ఆ ఇంగ్లీషుతోనే కర్టిజ్ 'కాసాబ్లాంకా' కూడా తీసి ఆస్కార్ తెచ్చుకున్నాడు.

ఇది చదువుతుంటే నాకు నవ్వు రాలేదు. నేను చేసిన పని ఒకటి గుర్తొచ్చింది. పోయిన ఏడాది బంధువుల ఇంట్లో ఫంక్షన్‌కి వెళ్ళినప్పుడు మనవరాలు వచ్చి, "తాతా, నాకు ఆకలి తీసుకుంటోంది" అంది. తమిళంలో ఆకలిని 'ఎడుక్కుదు' అంటాం కదా, దాన్నే తెలుగు చేసింది. అందరి ముందు నేనే మొదట నవ్వాను. మళ్ళీ మళ్ళీ ఆ మాట చెప్పించి నవ్వించాను. అప్పటినుంచి అది నాతో తెలుగు మానేసింది. ఏమడిగినా తమిళంలోనే జవాబు. ఒక్క 'బోజనం' మాటకు అరవై దాటిన నేను కలం కింద పెట్టబోయానే, మరి ఎనిమిదేళ్ళ పిల్ల ఏం చేస్తుంది?

ఈ పోస్టు పెట్టేముందు ఒత్తులు చూడమని దానికే ఇచ్చాను. మన సంఘం ఆదివారం క్లాసులో అక్షరాలు నేర్చుకుంటోంది. రెండు తప్పులు పట్టింది. "తాతా, నీకు కూడా రాదా?" అని తెలుగులోనే అడిగి నవ్వింది. రాదమ్మా, నేర్చుకుంటున్నా అన్నాను.

ఇంకా తప్పులు మిగిలి ఉంటే పెద్దలు చెప్పండి, దిద్దుకుంటాను. మన పిల్లలు నోరు తెరిచి నాలుగు మాటలు తెలుగులో అన్నప్పుడు మాత్రం దయచేసి నవ్వకండి.